వెల్లుల్లికి ‘లవంగాలు’ ఎవరు దిద్దాలి?

దివిసీమవాళ్ళకి మండలి వెంకట కృష్ణారావుగారి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యాశాఖ మంత్రిగా ముందుండి నడిపించిన మనిషి. మరి ఆయన పేరుతో తెలుగు అక్షరాలు ఉన్నాయని మీకు తెలుసా? కంప్యూటర్లో వాడే తెలుగు ఫాంటు ఒకదాని పేరు ‘మండలి’. మా గుడివాడ దగ్గర నిమ్మకూరులో పుట్టిన రామారావుగారి పేరుతో ‘ఎన్టీఆర్’ అని ఇంకో ఫాంటు ఉంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న... రాయలవారి సభలో సగం మంది ఫాంట్లయి కూర్చున్నారు! వీటిని సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసింది. చాలావాటిని గీసిన ఆయన పురుషోత్ కుమార్ గుత్తుల.

ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముకునే ఆవిడ సీసా మీద లేబుల్ వేయించుకోవాలన్నా, మనం నోముకు పిలుపు కార్డు వేయించుకోవాలన్నా ఈ అక్షరాలకు పైసా కట్టక్కర్లేదు. అంతేకాదు, వాటిని విప్పి చూడవచ్చు, ఒత్తు ఎక్కడైనా తెగిపోతుంటే బాగుచేయవచ్చు, బాగుచేసినదాన్ని అదే షరతు మీద పదిమందికీ ఇవ్వవచ్చు. ఇలా ఇచ్చేదాన్ని ఓపెన్ సోర్స్ అంటారు.

అర్థం కాలేదా? బందరు లడ్డు సంగతే తీసుకోండి. కొట్టుకెళ్ళి కిలో కొనుక్కుంటాం. తింటాం, బాగుందంటాం. పాకం ఎంతవరకు రావాలి, పిండి వేయించి ఎంతసేపు దంచాలి అని అడిగితే కొట్టాయన నవ్వి ఊరుకుంటాడు. చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్ అలాంటిది. ఓపెన్ సోర్స్ అంటే లడ్డుతోపాటు చేసే విధానం కూడా చేతిలో పెట్టి, ‘మీ ఇంట్లో బెల్లం తగ్గించి చేసుకుంటారో, జీడిపప్పు వేసుకుంటారో మీ ఇష్టం. బాగా కుదిరితే మాకూ చెప్పండి’ అనడం.

ఆ చివరి ముక్క ఉంది చూశారూ, ‘మాకూ చెప్పండి’ అన్నది... కథంతా అక్కడే ఉంది.

ఎందుకంటే ఈ పనుల్లో ఎక్కువమందికి జీతం లేదు. (కొందరికి కంపెనీలు జీతమిచ్చి ఇదే పని చేయిస్తాయి లెండి. వాళ్ళ సంగతి వేరు.) ఒకరు అమెరికాలో, ఒకరు జర్మనీలో, ఒకరు హైదరాబాదులో. ముఖముఖాలు చూసుకుని ఎరగరు. తోచినవాళ్ళు తోచినప్పుడు ఓ మార్పు చేసి పంపుతారు. దాన్ని చూసి, బాగుంటే కలిపి, లేకపోతే తిప్పి పంపే పెద్ద ఒకరుంటారు. మెయింటెయినర్ అంటారు. ఆయనకూ సాధారణంగా జీతం ఉండదు. ఇద్దరి మధ్యా నడిచేదంతా రాతలోనే. మన వంటింట్లో అయితే తోడికోడలు గిన్నె కిందపెట్టిన చప్పుడును బట్టే ఈ పూట ఆవిడ మనసు ఎలా ఉందో చెప్పేస్తాం. వాళ్ళకి ఆ సౌకర్యం కూడా లేదు. రాసిన నాలుగు ముక్కలే మాట, అవే మొహం.

ఇంకో తమాషా చూడండి. మన డెల్టాలో మనం రోజూ వాడే మాటే వాళ్ళూ వాడతారు. ఎగువ, దిగువ! అసలు సాఫ్ట్‌వేర్ తయారయ్యే చోటును ‘అప్‌స్ట్రీమ్’ అంటారు, అంటే ఎగువ. దాన్ని తెచ్చుకుని వాడేవాళ్ళు, తమ యంత్రాల్లో కలిపి ఇచ్చేవాళ్ళు దిగువ. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు పులిగడ్డ అక్విడక్ట్ దాటి నాగాయలంక, కోడూరు శివారు భూములకు చేరేలోపు ఎన్ని చేతులు మారతాయో మనకు తెలుసు. శివారు రైతు తన బోదెకు తాను ఎన్నిసార్లు గండి పూడ్చుకున్నా, పైన లాకు దగ్గర లోపం ఉంటే మళ్ళీ ఏడాది అదే గోల. పైకి కబురు వెళ్ళాలి. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. తప్పును మన ఫోను వరకే సర్దుకుంటే కొత్త వెర్షన్ రాగానే తప్పు తిరిగొస్తుంది. ఎగువకు చెప్పి అక్కడ సరిచేయిస్తే అందరికీ ఒకేసారి సరవుతుంది.

అయితే ఎలా చెప్పాలి? దీనికి మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

మా తమ్ముడి కూతురు బందరులో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు నా ఫోనులో వంటల యాప్ ఒకటి వేసింది. ఇలాంటి ఓపెన్ సోర్స్‌దే, తెలుగులో కూడా ఉంది. సూప్ ఏదో చేద్దామని తెరిస్తే, ‘వెల్లుల్లి – 4 లవంగాలు’ అని ఉంది! ఇంగ్లీషులో వెల్లుల్లి రెబ్బనూ, మసాలాలో వేసే లవంగాన్నీ ‘క్లోవ్’ అనే ఒకే మాటతో అంటారు. తర్జుమా చేసిన పుణ్యాత్ముడికి రెబ్బ గుర్తుకు రాలేదు. కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్ల ఎవరైనా ఇది నమ్మి నాలుగు లవంగాలు పడేస్తే ఆ సూప్ ఎవరు తాగుతారు చెప్పండి?

మా పిల్ల ఆవేశంగా ఓ ఉత్తరం రాసి పంపింది. మీ తెలుగంతా తప్పులే, తెలుగు రానివాళ్ళు ఇలాంటి పనులకు ఎందుకు దిగుతారు అని. నెల దాటినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. “అత్తా, వాళ్ళు నాకసలు జవాబే ఇవ్వలా!” అని మూతి ముడుచుకుంది. “ఏ వంటలో, ఎన్నో వరుసలో, ఏ మాట తప్పో రాశావుటే?” అని అడిగాను. రాయలేదు. మరి అవతలి మనిషి ఏం చేస్తాడు పాపం? తెలుగు రాదాయనకి. వందల మాటల్లో ఏది తప్పో ఎలా పోల్చుకుంటాడు?

ఈసారి ఇద్దరం కూర్చుని రాశాం. నేను చెప్పాను, అది ఇంగ్లీషులోకి మార్చింది. ఫలానా వంట, ఫలానా వరుస, ఇదిగో తెర ఫోటో, యాప్ వెర్షన్ నంబరు ఇది. ఇంగ్లీషులో ఉన్న మాట ఇది, తెలుగులో వచ్చింది ఇది, ఉండాల్సింది ‘రెబ్బలు’. రెండూ తెలుగులో వేరు వేరు వస్తువులు. మార్చే పని మేమే చేసి పంపమంటారా, మీరు చేస్తారా? అంతే. మూడో రోజున జవాబొచ్చింది. ముందు థాంక్స్ చెప్పి, ఆ వెంటనే ఒక ప్రశ్న వేశారు. ‘ఆ మాట మా దగ్గర ఒక్కచోటే రాసి ఉంటుంది. అన్ని వంటలకూ అక్కడి నుంచే వెళుతుంది. అక్కడ రెబ్బ అని మారిస్తే, బిర్యానీలో లవంగాలు కూడా రెబ్బలైపోవా?’

నిజమే కదూ! మనకి మన సూప్ ఒక్కటే కనిపిస్తుంది. ఆ పొయ్యి ముందున్న మనిషికి అన్ని గిన్నెలూ కనిపిస్తాయి. చివరికి ఆ ఒక్క మాటను రెండు చేశారు, వెల్లుల్లికి వేరు, మసాలాకు వేరు. అలా చేసేముందు వేరే భాషలవాళ్ళనీ అడిగారు. స్పానిష్‌లో వెల్లుల్లి రెబ్బను ‘పన్ను’ అంటారట, లవంగానికి వేరే మాట ఉందట. గుడివాడ వంటింట్లోంచి వెళ్ళిన ఫిర్యాదుతో ఇంకెన్ని దేశాల వంటలు సర్దుకున్నాయో!

ఆ ఉత్సాహంలో ‘టీస్పూన్’ను తీసేసి ‘చెంచా’ పెట్టమని రాశాం. కుదరదన్నారు. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్ల కొలత, చెంచా ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ఉండదా అని అడిగారు. నాకు ఇప్పటికీ చెంచాయే ఇష్టం. కానీ కాదన్నవాళ్ళు కారణం చెప్పి కాదన్నారు, అదీ రెండు రోజుల్లో. అందుకే మా పిల్ల చిన్నబుచ్చుకోలేదు, ఆ తర్వాత ఇంకో యాభై మాటలు దిద్ది పంపింది. మొదటిసారి లాగా నెల రోజులు మౌనంగా ఉంటే ఆ యాభై మాటలూ ఎవరు దిద్దేవారు? నా మటుకు నాకు, కాదనడం కన్నా పలక్కపోవడమే పెద్ద దెబ్బ అనిపిస్తుంది. ఇంట్లో కూడా అంతే కదా, ‘కూరలో ఉప్పెక్కువైంది’ అంటే పడతాం, పళ్ళెం ముందు పెట్టుకుని పేపర్లోంచి తలెత్తని మనిషితోనే ఒళ్ళు మండుతుంది.

పలికే తీరు సంగతికి వస్తే, మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉండే లైనక్స్ కథ చెప్పుకోవాలి. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి సరదాకి మొదలుపెట్టాడు. ఇప్పుడు వేలమంది చేయి వేసే పని అయింది. ప్రతి మార్పూ నేరుగా ఆయన దగ్గరకు రాదు. ఒక్కో భాగానికి ఒక్కో పెద్ద ఉంటారు. వాళ్ళు చూసి పైవాళ్ళకు, వాళ్ళు చూసి ఆయనకు. బోదెలోంచి పిల్ల కాలువకు, అక్కడి నుంచి ప్రధాన కాలువకు నీళ్ళు ఎదురు పారినట్టన్నమాట!

టోర్వాల్డ్స్ తెలివికి లోటు లేదు. నోరే మంచిది కాదు. తప్పు చేసినవాళ్ళని పదిమందీ చూసే చోట బూతులతో సహా ఉతికేసేవాడు. 2013లో సేజ్ షార్ప్ అనే డెవలపర్ ‘ఇలా మాట్లాడితే సహించను’ అని ఎదురు చెప్పారు. దానిమీద పెద్ద వాదం నడిచింది. పని గట్టిగా ఉండాలంటే మాట గట్టిగా ఉండాలని ఆయన పక్షంవాళ్ళు. చివరికి 2015లో షార్ప్ ఆ పనిని వదిలేసినట్టు బహిరంగంగా ప్రకటించారు. ఇంకో మూడేళ్ళకి, 2018 సెప్టెంబరులో, టోర్వాల్డ్సే అందరికీ క్షమాపణ రాసి, మనుషుల మనసులు అర్థం చేసుకోవడం నేర్చుకుంటానని కొన్ని వారాలు సెలవు పెట్టాడు. ఎలా మెలగాలో నియమావళి కూడా ఆ రోజుల్లోనే పెట్టుకున్నారు.

పెళ్ళిళ్ళలో వంటమేస్త్రి అరవకపోతే పని జరగదంటారు మన మగవాళ్ళు కూడా. నేను ఒప్పుకోను. వంటమేస్త్రికి కింద పనివాళ్ళు కూలి కోసం పడతారు. కూలి లేకుండా వచ్చినవాళ్ళు ఎందుకు పడాలి?

ఇంతవరకూ పెద్దలదే తప్పన్నట్టు చెప్పాను కదూ? రెండో వైపు ఇంకా భయంకరంగా ఉంటుంది. 2024లో బయటపడిన ఎక్స్‌జెడ్ సంగతి వింటే నాకు గుండె ఝల్లుమంది.

పెట్టెలో బట్టలు కుక్కి సర్దినట్టు, కంప్యూటర్లో సమాచారాన్ని కుదించి పెట్టే చిన్న సాఫ్ట్‌వేర్ అది. పేరు ఎవరికీ తెలియదు, ప్రపంచమంతా పెద్ద పెద్ద కంప్యూటర్లు దాన్ని వాడతాయి. ఇంతటి దాన్ని చాలా ఏళ్ళుగా ఫిన్లాండుకు చెందిన లాస్సె కోలిన్ అనే ఆయన దాదాపు ఒక్కడే, ఊరికే, తీరిక వేళల్లో చూసుకుంటున్నాడు. 2021 ప్రాంతంలో ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు వచ్చి బుద్ధిగా చిన్న చిన్న మార్పులు పంపడం మొదలుపెట్టారు. 2022లో వేరే పేర్లతో మరికొందరు ఆయన మీద పడ్డారు. మార్పులు ఎందుకు ఆలస్యం చేస్తున్నావు, నీకు శ్రద్ధ పోయింది, ఇంకొకరికి అప్పజెప్పరాదా అని ఒకటే పోరు. ఆయన ఓపిగ్గా జవాబిచ్చాడు. శ్రద్ధ పోలేదని, చాలాకాలంగా మానసిక ఆరోగ్యం బాగాలేక ఎక్కువ చేయలేకపోతున్నానని, ఇది జీతం లేని పని అని గుర్తుంచుకోమని. ఆ మాట చదివి ఒక్కరైనా ‘పోనీలెండి, మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి’ అన్నారా అంటే... పోరు పెట్టినవాళ్ళు ఆగలేదు. మెల్లగా పెత్తనంలో సగం జియా టాన్ చేతికొచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త వెర్షన్‌లో, వాళ్ళు కావాలనుకున్నప్పుడు ఇతరుల కంప్యూటర్లలోకి జొరబడటానికి ఒక దొంగదారి దాచి పెట్టారు.

ఎలా దొరికిందో చూడండి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్లోకి దూరం నుంచి లాగిన్ అవుతుంటే అర సెకను ఆలస్యమవుతోంది. అర సెకను! పాలు పొంగే ముందు వచ్చే చిన్న చప్పుడులాంటిది. ఆయన వదిలిపెట్టకుండా తవ్వుకుంటూ వెళ్ళి కారణం పట్టుకుని, 2024 మార్చి 29న లోకానికి చెప్పాడు. విధానమంతా తెరిచి ఉంది కాబట్టే తవ్వగలిగాడన్నది కూడా నిజం. అప్పటికి ఆ వెర్షన్ పరీక్షలో ఉన్న యంత్రాల వరకే చేరడంతో గండం గడిచింది. జియా టాన్ అన్న పేరు వెనుక ఎవరున్నారో ఇంతవరకూ తేలలేదు.

ఇందులో నన్ను కలచివేసింది దొంగతనం కాదు, ఆ ఒంటరి మనిషి. ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నా వినిపించుకోకుండా ‘ఇంకా కాలేదా, ఇంకా కాలేదా’ అనే గొంతులు. మనలో ఎంతమందికి తెలియదు ఆ మాట! సాయానికి వచ్చినట్టు వచ్చినవాణ్ణి అలిసిన మనిషి నమ్మక ఏం చేస్తాడు?

పైథాన్ అనే కంప్యూటర్ భాషను తయారుచేసిన గీడో వాన్ రోసమ్ ఈ విషయంలో నయం. దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆఖరి మాట ఆయనదే. 2018 జూలైలో ఒక చిన్న మార్పు మీద వాదన ముదిరి విసిగిపోయి, పెద్దరికం వద్దని తప్పుకున్నాడు. పని చేసేవాళ్ళు ఓట్లు వేసుకుని 2019లో ఐదుగురి సంఘాన్ని ఎన్నుకున్నారు. మన డ్వాక్రా గ్రూపుల్లో లీడరూ, రెండో లీడరూ ఉన్నట్టే, ఒకరికి జ్వరమొస్తే పుస్తకం ఇంకొకరు పట్టుకుంటారు.

ఒక్కరి మీద భారం పడటం మన తెలుగువాళ్ళకీ కొత్త కాదు. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ తలపెట్టి, ఇంకా ‘అ’ అక్షరంలో ఉండగానే 1923లో కన్నుమూశారు. తరవాత దాన్ని ఎత్తుకున్నది ఎలకుర్రులో పుట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

అలాంటి విజ్ఞాన సర్వస్వమే ఇప్పుడు వేరే పద్ధతిలో నడుస్తోంది. తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైంది. దానికి కారకుడైన వెన్న నాగార్జునగారు ‘పద్మ’ అనే తెలుగు లిపి సాఫ్ట్‌వేర్ కూడా చేసి, విధానంతో సహా అందరికీ ఇచ్చారు. దాన్ని ఆధారం చేసుకుని వీవెన్ అనే ఆయన ‘లేఖిని’ చేశారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. ఒకరు దంచిన పిండితో ఇంకొకరు లడ్డు చుట్టారన్నమాట. లేఖినితో తెలుగు రాయడం నేర్చుకున్నవాళ్ళు ఎంతోమంది.

వికీపీడియాలో వాళ్ళంతా మాట్లాడుకునే చోటు పేరేమిటో తెలుసా? రచ్చబండ! నిజంగానే అదే పేరు. ప్రతి వ్యాసం పక్కనా ‘చర్చ’ అని ఒక పేజీ, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే ‘చరిత్ర’ అని ఇంకో పేజీ ఉంటాయి. చిన్న వ్యాసాన్ని ‘మొలక’ అంటారు. పెద్దలను ‘నిర్వాహకులు’ అంటారు, వాళ్ళను తోటివాళ్ళే ఎన్నుకుంటారు. వ్యాసం దిద్దినప్పుడు కింద ‘దిద్దుబాటు సారాంశం’ అని చిన్న గడి వస్తుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. వదలకండి. ఎందుకు మార్చారో ఒక్క వాక్యం రాస్తే, మీ ముఖం తెలియని నిర్వాహకుడికి మీరు ఆకతాయి కాదని తెలుస్తుంది. మీరు రాసింది ఎవరైనా తీసేస్తే వెంటనే తిరిగి పెట్టేయకుండా, చర్చ పేజీలో ‘ఎందుకు తీశారండీ?’ అని అడగండి. కింద మీ పేరు వచ్చేలా సంతకం చేయడం మరవకండి.

రాష్ట్రంలో ఊళ్ళ పేర్లతో అక్కడ వ్యాసాలున్నాయి. మీ ఊరి పేరు కొట్టి చూడండి, చెరువు పేరో గుడి పేరో తప్పు పడి ఉండొచ్చు, లేదా అసలు లేకపోవచ్చు. మా పుట్టింటివారిది నాగాయలంక వైపు పల్లె. వ్యాసం నాలుగు వరుసలే ఉంటే పాత రేవు గురించి రెండు వాక్యాలు చేర్చి, సారాంశం గడిలో కారణం రాశాను. వారం తిరక్కుండా ఒక నిర్వాహకుడు పలకరించారు. ముందు స్వాగతం చెప్పి, ‘ఈ రేవు సంగతి అచ్చయిన పుస్తకంలోగానీ పత్రికలోగానీ ఉందా అండీ? ఆధారం ఇస్తే వాక్యాలు ఉంచవచ్చు’ అని మర్యాదగా అడిగారు. మా నాన్నగారి ట్రంకుపెట్టెలో పాత పేపరు కత్తిరింపులు వెతికే పని మా తమ్ముడికి అప్పజెప్పాను. ఈ దసరాకి వెళ్ళినప్పుడు నేనూ ఓ చేయి వేస్తాను.